వార్ధక్యము వేరు, వ్యాధి వేరు: నేథన్ షాక్ పరిశోధన చరిత్ర

నాలుగు మెట్లెక్కగానే తాతగారికి ఆయాసము వచ్చినచో, "వయసు మీద పడినది గదా!" అని ఇంటిల్లిపాదియు సరిపెట్టుకొందురు. నాయనమ్మకు కాళ్లు పొంగినను, మామగారు నిన్నటి మాట నేడు మరచినను మన నోట వచ్చు మాట అదియే. ఆ మాటలో నిజము లేకపోలేదు. చత్వారము వచ్చుట, వెండ్రుకలు నెరయుట, పరుగెత్తు శక్తి తగ్గుట అందరును ఎరిగినవే. కాని ఆ ఆయాసము కేవలము వయసువలన కలిగినదా, లేక వయసు చాటున దాగియున్న గుండెజబ్బువలన కలిగినదా? మొదటిదే నిజమైనచో ఓర్చుకొనవలసినదే. రెండవదే నిజమైనచో దానికి చికిత్స కలదు. ఈ నిర్ణయములో పొరపాటు జరిగినచో మనిషి ప్రాణమునకే ముప్పు.

ఈ రెంటిని విడదీయుట తేలికైన పనివలె తోచును. కాని శాస్త్రజ్ఞులకు అందుకు నాలుగు దశాబ్దములకు పైగా పట్టెను. ఆ కృషికి నాయకత్వము వహించినవారిలో అమెరికా దేశీయుడైన నేథన్ షాక్ ముఖ్యుడు. ఆయన మొదట ఆస్పత్రి ఆవరణలోని వృద్ధులను పరీక్షించి కొన్ని నిర్ణయములకు వచ్చెను. పిదప, తమ ఇండ్లలో తమ పనులు తాము చేసికొనుచున్నవారిని ఏండ్ల తరబడి పరీక్షించి, ఆ నిర్ణయములను తానే సవరించెను. శాస్త్రము ఏ విధముగా ముందుకు సాగునో తెలిసికొనగోరు విద్యార్థులకు ఈ చరిత్ర మంచి పాఠము.

శాస్త్రమునకు పేరు, ప్రయోగశాలకు చోటు

వార్ధక్యమును గూర్చిన శాస్త్రమునకు 'జెరంటాలజీ' అను పేరు 1903లో పుట్టెను. ఆ పేరు పెట్టినవాడు పారిస్‌లోని పాస్టర్ సంస్థలో పనిచేసిన ఎలీ మెచ్నికాఫ్. రోగక్రిములను కబళించు రక్తకణములను గూర్చిన పరిశోధనకు 1908లో నోబెల్ బహుమానము పొందిన శాస్త్రజ్ఞుడితడే. పేరు పుట్టినను శాస్త్రము వెంటనే పెరగలేదు. ఆ రోజులలో వైద్యుల దృష్టి అంతయు శిశువులను, యువకులను పొట్టపెట్టుకొనుచున్న అంటువ్యాధుల మీదనే యుండెను.

అంటువ్యాధులు అదుపులోనికి వచ్చిన కొలది ముసలితనము వరకు బ్రదుకువారి సంఖ్య పెరిగెను. అమెరికాలో 1935లో వృద్ధులకు పింఛను ఏర్పరచిన సాంఘిక భద్రతా చట్టము వచ్చెను. 1939లో ఎడ్మండ్ కౌడ్రీ సంపాదకత్వమున వార్ధక్య సమస్యలపై అనేక శాస్త్రజ్ఞుల వ్యాసములతో పెద్ద గ్రంథము వెలువడెను. మరుసటి యేడు, అనగా 1940లో, మేసీ ఫౌండేషన్ వారి ధనసహాయముతో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఒక చిన్న వార్ధక్య పరిశోధన విభాగమును స్థాపించెను. దానికి బాల్టిమోర్ నగర ఆస్పత్రులలో చోటు దొరకెను. ఆ విభాగమునకు మొదటి అధిపతి ఎడ్వర్డ్ స్టీగ్లిట్జ్ అను వైద్యుడు. 1941లో ఆ బాధ్యత నేథన్ షాక్‌కు సంక్రమించెను.

షాక్ 1906లో జన్మించెను. పర్‌డ్యూ విశ్వవిద్యాలయములో రసాయన శాస్త్రము చదివి, షికాగోలో 1930లో డాక్టరు పట్టము పొందెను. తరువాత కాలిఫోర్నియాలో పిల్లల ఎదుగుదలపై జరుగుచున్న పరిశోధనలో చేరెను. అచ్చట యౌవనములో అడుగిడుచున్న బాలబాలికలను ఏటేట మరల మరల పరీక్షించి, వారి శరీరక్రియలలో వచ్చు మార్పులను గుర్తించుచుండిరి. ఈ పద్ధతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. పిల్లల ఎదుగుదలకు వాడిన ఆ పద్ధతియే ముందు ముందు ముసలితనమునకును వర్తించినది.

మూత్రపిండముల కొలత

బాల్టిమోర్‌లో షాక్ మొదట చేపట్టిన ముఖ్య విషయములలో మూత్రపిండముల పనితీరు ఒకటి. మూత్రపిండము ఒక వడపోత యంత్రము. అది నిమిషమునకు ఎంత ద్రవమును వడపోయునో కొలుచుట ఎట్లు? ఇందులకు 'ఇన్యులిన్' అను పదార్థము ఉపయోగించెను. ఇది కొన్ని మొక్కల వేళ్లలో దొరకు పిండిపదార్థము. దీనిని రక్తములోనికి ఎక్కించినచో మూత్రపిండములోని జల్లెడగుండా పూర్తిగా దిగును. దారిలో తిరిగి రక్తములో చేరదు, కొత్తగా వచ్చి కలియదు. కావున రక్తములో అది ఎంత ఉన్నదో, మూత్రములో ఎంత దిగినదో కొలిచినచో, నిమిషమునకు జరిగిన వడపోత తేలును.

1950లో డేవీస్, షాక్ అను ఇరువురి పేర ప్రకటితమైన వ్యాసములో 24 మొదలు 89 ఏండ్ల వయసు వరకు గల 70 మంది పురుషుల కొలతలున్నవి. యువకులనుండి తొంబది సమీపించినవారివరకు పోల్చిచూడగా, వడపోత శక్తి దాదాపు 46 శాతము తక్కువగా కనబడెను. పటము గీసినచో గీత ముప్పది దాటిన తరువాత నెమ్మదిగా, ఎడతెగక దిగజారుచున్నది. 1955లో ఆ ప్రయోగశాలవారే 67 మంది పురుషుల గుండె నిమిషమునకు తోడు రక్తమును కొలిచి, అదియు ఏడాదికి ఇంచుమించు ఒక శాతము చొప్పున తగ్గుచున్నట్లు ప్రకటించిరి.

ఈ గీతలు ప్రసిద్ధమయ్యెను. ముప్పదవ యేట మొదలై ప్రతి అవయవమును ఒక లెక్క ప్రకారము క్షీణించునను భావము పాఠ్యగ్రంథములలో స్థిరపడెను. కొలతలలో దోషము లేదు. ఇన్యులిన్ పరీక్ష నేటికిని ప్రమాణమైనదే. మరి లోపమెక్కడ ఉన్నది?

కొలత సరియైనను తీర్పు తప్పగలదు

మొదటి లోపము, ఎవరిని కొలిచితిమి అన్నది. ఆ తొలి పరీక్షలకు వచ్చిన వృద్ధులలో ఎక్కువమంది ఆస్పత్రిలోనో, దానికి అనుబంధమైన నిరాధారుల ఆశ్రయములోనో ఉండినవారు. బాల్టిమోర్ నగర ఆస్పత్రులు పూర్వము బీదల శరణాలయమునుండి పెరిగినవే. ఆ ముసలివారికి మూత్రపిండ వ్యాధి బయటపడి యుండకపోవచ్చును. అయినను బీదతనము, చాలని తిండి, మంచము పట్టిన దినములు, కంటికి కానరాని జబ్బులు వారి దేహములలో చేరియుండుటకు అవకాశము మెండు. వారిలో కనబడిన క్షీణతలో వయసు పాలెంత, తక్కిన వాని పాలెంత? గీత చెప్పదు.

రెండవ లోపము మరింత సూక్ష్మమైనది. మూడేండ్ల మామిడి మొక్కను ఒక తోటలోను, పదేండ్ల చెట్టును వేరొక తోటలోను, ముప్పదేండ్ల చెట్టును మరియొక తోటలోను చూచి, "మామిడి ఈ విధముగా పెరుగును" అని చెప్పినచో రైతు నవ్వును. నేల వేరు, నీరు వేరు, నాటిన యేటి వానలు వేరు. ఒకే దినమున ఇరువదేండ్లవానిని, ఎనుబదేండ్లవానిని కొలిచి పోల్చుటయు ఇట్టిదే. వారిరువురును వేరు వేరు కాలములలో పుట్టి, వేరు వేరు తిండ్లు తిని, వేరు వేరు చదువులు చదివినవారు. వారి మధ్య కనబడు భేదము వయసు భేదము కావచ్చును. తరముల భేదమైనను కావచ్చును.

ఎత్తును గూర్చి ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలోనే చూపవచ్చును. విద్యార్థులు తమ ఇండ్లలోని ఇరువదేండ్లు దాటిన అన్నల, తండ్రుల, తాతల ఎత్తులు కొలిచి, ఒక్కొక్క తరమునకు సగటు కట్టవలెను. తాతల సగటు తక్కువగా వచ్చుట సహజము. అందులో వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్లలు నలిగి, నడుము వంగి తగ్గిన భాగము కొంత. తాతల బాల్యములో తిండి తక్కువై, వారు మొదటనే పొడవు ఎదుగకపోవుట కొంత. ఈ రెండు భాగములను ఆ కొలతలనుండి విడదీయగలమా? విడదీయలేము. అదే తాతను ముప్పదవ యేట ఒకసారి, డెబ్బదవ యేట ఒకసారి కొలిచియున్నచో విడదీయవచ్చును.

ఈ లోపములు షాక్ ఒక్కనికే తోచినవి కావు. 1955లో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్యసంస్థలలో జేమ్స్ బిర్రెన్, రాబర్ట్ బట్లర్ మున్నగువారు, 65 ఏండ్లు దాటి ఇండ్లలోనే స్వతంత్రముగా జీవించుచున్న 47 మంది ఆరోగ్యవంతులైన పురుషులను పరీక్షింప మొదలుపెట్టిరి. నిజముగా ఆరోగ్యవంతులైన వారిలో మెదడునకు ప్రవహించు రక్తము యువకులలో కంటె అంతగా తక్కువ కాదని వారు కనుగొనిరి. 1956లో వార్నర్ షై సియాటిల్ నగరములో బుద్ధిశక్తిని కొలుచుట మొదలుపెట్టి, ఏడేండ్లకొకసారి అవే వ్యక్తులను తిరిగి పరీక్షించెను. వయోవర్గములను పోల్చినప్పుడు కనబడిన తగ్గుదలలో కొంత భాగము తరముల భేదమేయని ఆ పరిశోధనలో తేలెను.

1958: ఊరివారు ప్రయోగశాలకు వచ్చుట

డాక్టర్ విలియం పీటర్ అను ఆయన చైనాలో ప్రజారోగ్య ప్రచారము చేసి, అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధుడు. తాను మరణించిన పిదప తన శరీరమును శాస్త్రమునకు ఇయ్యదలచి షాక్‌ను కలిసికొనెను. షాక్‌కు కావలసినది మృతదేహము కాదు. ఆరోగ్యముగా తిరుగాడుచున్న మనుష్యులు కావలెను. వారు మరల మరల రావలెను. ఆ సంగతి వినిన పీటర్ తానే మొదట పరీక్షలకు సిద్ధపడి, తన స్నేహితులను, ఇరుగుపొరుగువారిని కూడదీసెను. వారు తమవారిని పిలుచుకొని వచ్చిరి. ఇట్లు ఒకరినుండి ఒకరికి ప్రాకి, 1958లో బాల్టిమోర్ దీర్ఘకాల వార్ధక్య పరిశీలన ప్రారంభమయ్యెను. పీటర్ 1959లోనే మరణించెను. ఆయన కూర్చిన బృందము నిలిచెను.

పద్ధతి ఇది. వచ్చినవారు రెండున్నర దినములు ఆస్పత్రిలో ఉండి పరీక్షలు చేయించుకొందురు. రక్తము, మూత్రము, ఊపిరితిత్తులు, గుండె, నరములు, జ్ఞాపకశక్తి, స్వభావము అన్నియు పరీక్షించుదురు. పిదప ఎవరి ఇండ్లకు వారు పోవుదురు. ఇంచుమించు రెండేండ్లకు మరల వత్తురు. వారికి చికిత్స చేయుట దీని ఉద్దేశము కాదు, కూలి లేదు. మనిషిని శాస్త్రమునకు ముడిసరుకుగా గాక భాగస్వామిగా చూచిననే ఇట్టి పని సాగును.

చెప్పుటకు సులభమే కాని, నడపుట కష్టము. పదేండ్లు గడచిననే గాని ఫలితము కానరాదు. ఏటేట ఫలితము చూపుమను ప్రభుత్వములకు ఇది రుచించు పని కాదు. నడుమ కొందరు మరణింతురు, కొందరు ఊరు మారుదురు. మిగిలినవారు సహజముగానే గట్టివారగుదురు కనుక లెక్కలో ఆ జాగ్రత్త పడవలెను. పరికరము మారినచో పాత కొలతకు, కొత్త కొలతకు పొంతన కుదుర్చవలెను. ఇట్టి పనికి గొప్ప ఊహ ఒక్కటియే చాలదు, ఓర్పుగల నాయకుడు కావలెను. షాక్ ఆ నాయకుడు. 1951లో ఆయన వార్ధక్యశాస్త్ర గ్రంథసూచిని ప్రకటించెను. పిదప చాల ఏండ్లపాటు ఆ శాస్త్రపు పత్రికలో కొత్త రచనల పట్టికలను కూర్చుచు వచ్చెను. ఎక్కడెక్కడనో చెదరియున్న పరిశోధనలు ఒక శాస్త్రముగా కూడుటకు ఈ గుమాస్తా పని ఎంతో తోడ్పడెను. 1968లో బాల్టిమోర్‌లో వార్ధక్య పరిశోధనకు ప్రత్యేక భవనము ఏర్పడెను. 1974లో జాతీయ వార్ధక్య సంస్థను స్థాపించు చట్టము వచ్చెను. ఆ సంస్థకు మొదటి సంచాలకుడు పైన చెప్పిన రాబర్ట్ బట్లరే. వయసును బట్టి మనిషిని చిన్నచూపు చూచుటకు 1969లో 'ఏజిజం' అను పేరు పెట్టినవాడును ఆయనయే.

దిద్దిన గీత

ఇరువది యేండ్లకు పైగా ఓర్చిన తరువాత ఫలములు చేతికందెను. 1984లో గుండెను గూర్చిన ఫలితము వచ్చెను. రోడెహెఫర్, లకాట్టా మున్నగువారు ఈ బృందములోని 25 మొదలు 79 ఏండ్ల వయసు గల 61 మందిని ఎన్నుకొనిరి. శ్రమ చేయించి, దాగియున్న గుండెజబ్బు లేదని జాగ్రత్తగా నిర్ధారించిన వారినే తీసికొనిరి. అట్టివారిలో శ్రమవేళ గుండె తోడు రక్తపు మొత్తము వయసుతో తగ్గలేదు! వృద్ధుని గుండె వేగము యువకుని గుండె వేగమును అందుకొనలేదు. అది నిజముగా వయసు ప్రభావము. కాని ఆ లోటును పూడ్చుటకు గుండె ఒక్కొక్క స్పందనమున ఎక్కువ రక్తముతో నిండి, ఎక్కువ రక్తమును నెట్టుచున్నది. 1955 నాటి ఒక శాతము తగ్గుదల వీరిలో కానరాలేదు.

1985లో మూత్రపిండముల ఫలితము వెలువడెను. లిండ్‌మన్, టోబిన్‌లతో పాటు ఆ వ్యాసముపై మూడవ పేరు నేథన్ షాక్‌దే. 1958 నుండి 1981 వరకు అవే మనుష్యులను అయిదు మొదలు పదునాలుగు పర్యాయములు పరీక్షించిరి. ఇందులకు క్రియాటినిన్ అను పదార్థము కొలతగా వాడిరి. జబ్బు గలవారిని, రక్తపోటు మందులు వాడువారిని తొలగించగా 254 మంది మిగిలిరి. సగటున వడపోత ఏడాదికి, నిమిషమునకు 0.75 మిల్లీలీటరు చొప్పున తగ్గెను. సగటు మాత్రమే చూచినచో పాత గీతయే సరియనిపించును. కాని ఒక్కొక్కరిని విడివిడిగా చూచినప్పుడు, మూడింట ఒక వంతు మందిలో తగ్గుదలయే లేదు. కొద్దిమందిలో పెరిగినట్లును కనబడెను.

1950లో గీత గీసిన చేయియే, 35 ఏండ్ల పిదప దానికి దిద్దుబాటు వ్రాసెను. వార్ధక్యము అందరిని ఒకే మెట్లమీదుగా దింపు నిచ్చెన కాదు. సగటు మనిషి కాగితముమీద నుండును. ఇంటిలోనున్న తాతగారు సగటు మనిషి కారు. వయసు వలన ఏ మార్పును రాదని దీని అర్థము కాదు. ఎత్తు విషయమే చూడుడు: ఈ పరిశీలనలోని వారి కొలతలనుబట్టి, ముప్పది నుండి డెబ్బది యేండ్లలోపల పురుషులు దాదాపు 3 సెంటీమీటర్లు, స్త్రీలు దాదాపు 5 సెంటీమీటర్లు తగ్గుదురని 1999లో తేలెను. తరముల భేదము కలియని నిజమైన తగ్గుదల ఇది.

నిలవచేసిన రక్తపు నమూనాలును అక్కరకు వచ్చెను. ప్రోస్టేట్ గ్రంథిలో కాన్సరు వచ్చినవారి పాత నమూనాలను వెదకి చూడగా, జబ్బు బయటపడుటకు కొన్ని యేండ్ల ముందే వారి రక్తములో ఒక మాంసకృత్తు వేగముగా పెరుగుచుండినట్లు 1992లో కనుగొనిరి. నమూనాను భద్రపరచిననాడు ఈ ప్రశ్న ఎవరికిని తోచలేదు.

లెక్కలో చేరనివారు

ఇంత గొప్ప పరిశోధనలోను పెద్ద వెలితి యుండెను. 1958 నుండి 1978 వరకు, ఇరువది యేండ్లపాటు, అందులో స్త్రీలకు చోటు లేదు. 1984లో వెలువడిన బృహద్గ్రంథము పేరు 'సాధారణ మానవ వార్ధక్యము' అను అర్థమిచ్చును. అందలి ఫలితములు మాత్రము పురుషులవే. ముసలివారిలో స్త్రీలే అధికులు అన్నమాట తలచినచో ఈ వెలితి ఎంతటిదో తెలియగలదు. స్నేహితులు స్నేహితులను పిలుచుకొని వచ్చిన బృందము కనుక, చదువుకొన్నవారు, కలిగినవారు, తెల్లజాతివారే ఎక్కువగా చేరిరి. ఆస్పత్రిలోని బీదలను మాత్రమే చూచుట ఒక తప్పు. కలిగినవారిని మాత్రమే చూచుట దానికి ఎదురు తప్పు.

1978లో స్త్రీలను చేర్చుకొనిరి. 2004లో అదే బాల్టిమోర్‌లో, జాతీయ వార్ధక్య సంస్థవారే మరియొక పరిశీలన మొదలుపెట్టిరి. 13 పేటలనుండి నల్లజాతివారు, తెల్లజాతివారు కలిసి 30 మొదలు 64 ఏండ్ల వయసుగల 3,720 మందిని ఎన్నుకొనిరి. వారిలో బీదలును ఉన్నారు, కలిగినవారును ఉన్నారు. ఈ పర్యాయము జనము ప్రయోగశాలకు రాలేదు. పరికరములు అమర్చిన పెద్ద వాహనములే పేటలలోనికి పోయి నిలిచెను. అర్ధశతాబ్దములో ప్రయోగశాల ఆస్పత్రి వార్డునుండి వీధిలోనికి నడచివచ్చినది. షాక్ దీనిని చూడలేదు. ఆయన 1989లో మరణించెను.

మన దేశమున

2011 జనాభా లెక్కలలో మన దేశమున 60 ఏండ్లు నిండినవారు పది కోట్లకు మించిరి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర శాఖలో ఆచార్య పి. వి. రామమూర్తి వార్ధక్య పరిశోధన కేంద్రమును నెలకొల్పి, తెలుగునాట ఈ శాస్త్రమునకు పాదు వేసిరి. దేశవ్యాప్తమైన దీర్ఘకాల పరిశీలన ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఆధ్వర్యమున జరిగెను. 2017-18లో మొదటి విడతగా 45 ఏండ్లు దాటిన 72,000 మందికి పైగా ఇండ్లకే పోయి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా వివిధ రాష్ట్రములలో కొలతలు తీసికొనిరి. చేతిపట్టు బలము, నడక వేగము, రక్తపోటు, ఊపిరి పట్టు, చూపు, వ్రేలినుండి తీసిన రక్తపు చుక్క వానిలో కొన్ని. 2021లో దాని నివేదిక వెలువడెను. వారినే మరల మరల దర్శించుట దాని సంకల్పము. అప్పుడే అది నిజమైన దీర్ఘకాల పరిశీలన యగును.

మన పల్లెలలో ఇట్టి పనికి మొదటి చిక్కు వయసుతోనే వచ్చును. పుట్టిన తేదీ తెలియని ముసలివారు మనకు ఎందరో కలరు. "1977 దివిసీమ ఉప్పెననాటికి నీకు పెండ్లి అయినదా? పిల్లలెందరు?" అని అడిగి వయసు అంచనా కట్టవలసియుండును. విద్యార్థులు తమ ఇంటిలోని పెద్దల వయసును ఈ విధముగా కనుగొని వ్రాసియుంచుట మంచి అభ్యాసము. దానితోపాటు, వారు ఇంటిముందు కొలిచిన పది మీటర్లు నడచుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో తేదీ వేసి వ్రాసికొని, ఆరు నెలలకొకసారి తిరిగి కొలువవలెను. ఇందులకు గడియారము, కొలతటేపు తప్ప వేరేమియు అక్కరలేదు.

ఒక్కసారి కొలిచిన సంఖ్య అంతగా చెప్పదు. అదే మనిషి నడక ఆరు నెలలలో ఒక్కసారిగా మందగించినచో, అది వయసు కాదు. వయసు అంత తొందరపడదు. అప్పుడు "వయసు మీద పడినది గదా" అని ఊరకుండక, తాతగారిని వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.